తెల్ల కుక్కపిల్లకు గిరాకీ

మా నాన్న ఒక కుక్కను గోడకు ఆనించి నిలబెట్టి, ఇనుప టేపుతో పాదం నుంచి భుజం దాకా కొలిచి, "ఒక ఇంచు ఎక్కువున్నది" అని రెండు రోజులు దిగులుపడటం నేను కళ్ళారా చూశాను. అవి నాకు సంబంధాలు చూస్తున్న రోజులు కూడా. ఏ పెళ్ళికొడుకునీ ఆయన అంత శ్రద్ధగా చూసినట్టు నాకు గుర్తులేదు. ఆ మాటే అంటే, "మనిషికి స్టాండర్డ్ ఉండదు బిడ్డా, కుక్కకు ఉంటది" అన్నాడు.

ఇదంతా రెండువేల సంవత్సరం దాటాక నాలుగైదేళ్ళకు, మణుగూరు కాలనీలో జరిగిన సంగతి. నాన్న పైనుంచి తవ్వే ఓపెన్ కాస్ట్ బొగ్గు గనిలో షావెల్ ఆపరేటర్. షావెల్ అంటే మా క్వార్టర్ కంటే పెద్ద యంత్రం. బకెట్ ముంచి ఎత్తిందంటే ఒక గదికి సరిపడా మట్టి డంపర్‌లో పడుతుంది. అమ్మ దవాఖానాలో స్టాఫ్ నర్సు. నేను కాలనీ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేదాన్ని. ముగ్గురమూ సంపాదించేవాళ్ళమే కాబట్టి ఇంట్లో ఎవరి మాటా ఎవరూ వినేవాళ్ళం కాదు.

ఆ రోజుల్లో మా కాలనీలో ఇంటి పరువు కుక్కను బట్టి ఉండేది. అది కూడా తెల్ల కుక్క అయి ఉండాలి. మాది బొగ్గు ఊరు. పొద్దున ఆరేసిన చీర సాయంత్రానికి బూడిద రంగుకు తిరుగుతుంది. అలాంటి చోట బొచ్చుకుక్కను తెల్లగా ఉంచడమంటే మాటలా? వారానికి రెండుసార్లు కుంకుడుకాయ రసంతో రుద్ది, సాయంత్రం సంత వైపు నడిపించుకుపోతే, చూసినవాళ్ళు కుక్కను కాదు, ఇల్లాలిని మెచ్చుకునేవాళ్ళు. అందుకే కాలనీలో అందరికీ ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఎంత తెలుపైతే అంత ఒరిజినల్ జాతి. రంగు కలిసిందంటే ఎక్కడో తేడా జరిగినట్టే లెక్క.

ఇలాంటి ఊళ్ళోకి మా నాన్న బూడిద రంగు కుక్కను తెచ్చాడు. హైదరాబాద్‌లో ఆయన దోస్తు ఇల్లు మారుతూ ఇచ్చేసిన ఆడకుక్క అది. షెల్టీ అంటారట. ఎక్కడో చలిదేశపు దీవుల్లో గొర్రెలు కాసే జాతి. నక్కలాంటి సన్నని మూతి, ఒంటినిండా బొచ్చు, మెడ చుట్టూ తెల్ల కండువా, బూడిద రంగు మీద ఎవరో సిరా చిలకరించినట్టు నల్ల మరకలు. పక్కింటాయన గేటు దగ్గరే నిలబడి, "ఏందన్నా, ఉతికితే రంగు పోయిందా?" అన్నాడు. చీపుర్లు అమ్మడానికి అడవి పల్లె నుంచి వచ్చే కోయ అవ్వ తట్ట దించి దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, "ఇది గొర్రెనా, కుక్కనా?" అని అడిగింది. నాన్న మొహం మాడిపోయింది.

"ఈ రంగును మెర్ల్ అంటరు. మీకు తెల్వదు, ఊకోండ్రి" అన్నాడు.

దాని పేరు ఇక్కడ రాయను. ఆ పేరే మా వీధిలో ఇంకొకావిడకు ఉండటం వల్ల అప్పుడే కావలసినంత గొడవైంది. కుక్క మాత్రం బంగారం. గొర్రెల్లేని ఊళ్ళో దాని ఉద్యోగానికి లోటు రాలేదు. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటి ముందు నేను సండే స్కూల్ పెట్టేదాన్ని. పిల్లలు పాట మధ్యలో లేచి జామచెట్టు వైపు జారుకునేవాళ్ళు. ఇది నిశ్శబ్దంగా వెనకనుంచి చుట్టు తిరిగి, మూతితో పిక్కల మీద చిన్నగా పొడుస్తూ ఒక్కొక్కరినీ తెచ్చి చాపమీద కూర్చోబెట్టేది. ఒకసారి పిల్లలతో పాటు వాళ్ళను తీసుకెళ్ళడానికి వచ్చిన తాతను కూడా చాపమీదికి తోలింది. ఆ ఏడాది నా సండే స్కూలుకు హాజరు ఎప్పుడూ తగ్గలేదు.

మా ఇంటికి చిక్కంతా ఆఫీసర్ల క్వార్టర్స్‌లో ఉండే ఒక సారుతో మొదలైంది. గోదావరి జిల్లాల మనిషి. ఆయన దగ్గర కూడా షెల్టీయే, మగది. అదీ బూడిద మీద మరకలదే. దాన్ని చూసిన రోజు నాన్న కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఇంటికి వచ్చాడు. సారు ఆయనకు ఒక ఇంటర్నెట్ కాగితం ఇచ్చాడు. షెల్టీ ఎలా ఉండాలో అందులో ఉంది. ఎత్తు ఎంత, తోక ఎక్కడిదాకా, మూతి ఎంత సన్నం, కళ్ళు ఏ ఆకారం. చెవుల గురించైతే పెద్ద పురాణమే. చెవి నిటారుగా నిలబడాలి గానీ పై కొన మాత్రం ముందుకు వాలాలి. మా కుక్క చెవులు చీమ చిటుక్కుమన్నా మొత్తంగా నిక్కబొడుచుకునేవి. నాన్న అమ్మ బ్యాగులోంచి దవాఖానా ప్లాస్టర్ తీసి, చెవుల కొనలు మడిచి అంటించాడు. నెల రోజులు ఆ కుక్క తలకు దెబ్బతగిలిన పేషెంటులా ఇంట్లో తిరిగింది.

"రోగులకు లేని ప్లాస్టర్ కుక్కకు వచ్చింది" అని అమ్మ గొణిగేది.

ఆ కాగితం నేనే చదివి నాన్నకు తెలుగులో చెప్పాను. ఒకచోట, ఒంటిమీద సగం కంటే ఎక్కువ తెలుపు ఉంటే అది పెద్ద తప్పు, అలాంటి కుక్కను పోటీలో లెక్కలోకి తీసుకోరు అని ఉంది. నాన్న ఒక్క క్షణం ఆలోచించి కొట్టిపారేశాడు.

"తెల్లోళ్ళకు తెలుపు విలువ ఏం తెలుస్తది? రోజూ అద్దంల చూసుకుంటరు గదా."

ఇక ఇద్దరు మగవాళ్ళూ కలిసి సంబంధం ఖాయం చేశారు. నిజంగానే పెళ్ళిచూపుల్లా జరిగింది. సారు జీపులో మగకుక్కను తెచ్చాడు. పౌడరు వాసన గుప్పుమంది. అమ్మ పకోడీలు వేసింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, "రంగుకు రంగు సరిపోయింది సార్, ఇగ పిల్లలు ఎట్ల ఉంటయో చూడండ్రి" అన్నాడు. రెండు వైపులా ఒకటే రంగు, ఒకటే మరకలు. మా వైపు మేనరికం చేసుకున్నప్పుడు పెద్దలకు కలిగే తృప్తి లాంటిది ఆయన మొహంలో కనిపించింది. ఇంటి రంగు ఇంట్లోనే ఉంటుందన్న తృప్తి.

నాలుగు పిల్లలు పుట్టాయి. రెండు తల్లిలాగే మరకలవి. ఒకటి నల్లది. నాలుగోది, తోక దగ్గర చిన్న మచ్చ తప్ప, మంచు ముద్దలా తెల్లటిది. కళ్ళు తెరిస్తే లేత నీలం.

కాలనీ అంతా మా ఇంటికి వచ్చింది. "దొరసాని కండ్లు" అన్నారు ఆడవాళ్ళు. బూడిద తల్లికి తెల్లపిల్ల పుట్టిందంటే జాతి కడుక్కుని అసలు రంగు బయటపడిందని తీర్మానించారు. ఇన్నాళ్ళూ వెక్కిరించిన పక్కింటాయన కూడా, "అన్నా, నీ కుక్క ఒరిజినలే" అని ఒప్పుకున్నాడు. నల్లదాన్ని ఎవరూ అడగలేదు. చివరికి చీపుర్ల అవ్వే, "నల్లది నాకియ్యు. రాత్రి చేన్ల పందులకు కనపడది" అని తట్టలో పెట్టుకుని వెళ్ళింది. మరకలవి రెండూ కొత్తగూడెం వెళ్ళాయి. తెల్లపిల్లను నాన్న ఎవరికీ ఇవ్వనన్నాడు.

దాని కీర్తికి పరాకాష్ఠ బ్లాస్టింగ్ సైరన్ వల్ల వచ్చింది. మధ్యాహ్నం గనిలో మందు పేల్చే ముందు సైరన్ మోగుతుంది. ఆ మోతకు కాలనీలోని కుక్కలన్నీ మంచాల కిందికి దూరతాయి. తర్వాత ధడాలుమంటుంది, కిటికీ అద్దాలు గలగలమంటాయి. మా తల్లికుక్క కూడా సైరన్ వినగానే బియ్యం డబ్బా వెనక నక్కేది. తెల్లపిల్ల మాత్రం వరండా మధ్యలో వెల్లకిలా పడుకుని నిద్రపోయేది. గచ్చు అదిరినప్పుడు ఒకసారి కళ్ళు తెరిచి, ఆవులించి, మళ్ళీ పడుకునేది. ఇది చూసిన నాన్న స్నేహితుడు, గనిలో డ్రిల్ ఆపరేటర్, నోరు తెరిచాడు.

"ఏం గుండెరా అది! అసలు గని కుక్కంటే ఇది!"

అంతే. తెలుపు, జాతి, ఆ పైన ధైర్యం. ఒక్కొక్కరే వచ్చి నాన్నను అడగడం మొదలుపెట్టారు. ఈసారి ఈనితే తెల్లది నాకు. డ్రిల్ ఆపరేటర్‌కు ఒకటి, పక్కింటాయనకు ఒకటి, యూనియన్ లీడర్‌కు ఒకటి. చివరికి మా పాస్టరయ్యగారు కూడా, క్రిస్మస్ నాటకంలో గొర్రెపిల్ల పక్కన బాగుంటుందని ఒకటి అడిగారు. నాన్న ఎవరికీ కాదనలేదు. పుట్టని పిల్లలను పంచిపెట్టడంలో ఆయనంత ధారాళమైన మనిషిని నేను చూడలేదు. సారు కూడా సరేనన్నాడు. తల్లి మళ్ళీ ఎదకు రాగానే అదే మగకుక్కతో జత.

ఈలోగా నాకు ఒక అనుమానం. తెల్లపిల్ల ఎడమ కన్ను కుడిదానికంటే చిన్నగా ఉండేది. దాన్ని ఎత్తుకుని బూర్గంపాడు వైపు పనిచేసే పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన కన్ను చూసి, తర్వాత దాని వెనక నిలబడి గట్టిగా చప్పట్లు కొట్టాడు. అది నా చీర కుచ్చిళ్ళు నములుతూనే ఉంది.

"నేను గేదెల డాక్టర్ను తల్లీ. ఉండు, నా క్లాస్‌మేట్ ఉన్నడు హైదరాబాద్‌ల, అడుగుత" అని ఫోన్ చేశాడు. చాలాసేపు మాట్లాడి వచ్చి కూర్చున్నాడు. "దీనికి చెవుడు. పుట్టుకతోనే. ఆ కన్ను కూడా సరింగ కనపడదు."

"ఎందుకట్ల?"

"ఆ మరకల రంగున్నది చూడు. తల్లిదండ్రులల్ల ఒక్కరికి ఉంటే ఏం గాదట. ఇద్దరికీ ఉండి, రెండు దిక్కుల నుంచి ఒకే పిల్లకు దిగితే, రంగు మొత్తం పోయి గిట్ల తెల్లగ పుడ్తదట. రంగుతోపాటే చెవులూ కండ్లూ పోతయట."

"మళ్ళా అదే జత కడితే?"

"మళ్ళా పుడ్తయ్. ఈసారి అస్సలు కండ్లే లేకుండ పుట్టొచ్చు. ఆపమను తల్లీ మీ డాడీని."

బస్సులో వస్తుంటే నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చింది. చెవి కొన ఎంత వాలాలో అంత వివరంగా రాసిన కాగితం మా ఇంట్లో ఉంది. ఆ చెవి వింటుందా అని మాత్రం మాలో ఒక్కరం చూడలేదు. కాలనీ అంతా ధైర్యమని మెచ్చుకున్నది చెవుడును. సగం కంటే ఎక్కువ తెలుపు వద్దని ఆ తెల్లవాళ్ళు ఊరికే రాయలేదని అప్పుడు నాకు అర్థమైంది.

ఇంటికి వచ్చి చెబితే నాన్న నవ్వాడు. "గేదెల డాక్టర్‌కు షెల్టీ సంగతి ఏం తెలుసు?" అన్నాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్టు, దానికి చెవులు వినపడతాయనే వాదించాడు. "అది లెక్క చెయ్యదు. పౌరుషం దానికి" అన్నాడు. మరి తానెప్పుడైనా దాన్ని నోటితో పిలిచాడా అంటే, పిలవలేదు. గనిలో షావెల్ మోతకు మాట వినపడదు కాబట్టి డంపర్ డ్రైవర్లకు చేత్తోనే సైగలు చేస్తారు. రివర్స్ రా, ఆగు, చాలు, ఇక పో. నాన్న తెల్లపిల్లకు ఆ సైగలే చేసేవాడు. అది డంపర్ కంటే చక్కగా వెనక్కి వచ్చి ఆయన కాళ్ళ దగ్గర ఆగేది.

మర్నాడు అమ్మకు సెలవు. ఆయనతో వాదించే ముందు తాను స్వయంగా చూసుకోవాలని అనుకుంది. నాన్న వరండాలో కుర్చీ వేసుకుని, మాకు వీపు పెట్టి పేపర్ చదువుతున్నాడు. ఆయన కాళ్ళ దగ్గర తెల్లపిల్ల, అదీ గేటు వైపే చూస్తోంది. అమ్మ గుమ్మంలో నిలబడి, అన్నం తినే స్టీలు పళ్ళాన్ని గరిటెతో బలంగా కొట్టింది.

వంటింట్లో పడుకున్న తల్లికుక్క ఎగిరి దూకింది. గోడ అవతలి నుంచి పక్కింటావిడ, "ఏం పడ్డది అక్కా?" అని అరిచింది. తెల్లపిల్ల కదల్లేదు.

నాన్న కూడా కదల్లేదు. తాపీగా పేపర్ తిప్పాడు.

అమ్మ మళ్ళీ కొట్టలేదు. నా మొహం చూసింది, నేను ఆమె మొహం చూశాను. టీవీ సౌండ్ ఎందుకంత పెడతాడో, చర్చిలో పాట ఎప్పుడూ ఒక మాట వెనకగా ఎందుకు పాడతాడో, నేను చెప్పిన దానికి అన్నిటికీ "అవ్, అవ్" అని ఎందుకు తలూపుతాడో, అన్నీ ఒక్కసారే తెలిసిపోయాయి. ఇంట్లో ఒక నర్సు ఉండి, ఇన్నేళ్ళూ ఆ మనిషిది పరధ్యానం అనుకున్నాం. "చెవిటివాని ముందర శంఖం ఊదినట్టు" అని అమ్మ రోజుకు నాలుగుసార్లు ఆయన్ను ఎత్తిపొడిచేది. ఆ సామెత ఆమె నోట మళ్ళీ నేను వినలేదు.

అమ్మ ఎదురుగా వెళ్ళి నిలబడి సంగతి చెప్పింది. కుక్కదీ, ఆయనదీ రెండూ. నాన్న అంత కోపం తెచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"డ్యూటీ దిగిన మనిషి సోయిల ఉంటడా? నాకు చెవుడంటవా? ఇది బయటికి పోతే ఏమైతదో ఎరుకేనా నీకు? అన్‌ఫిట్ చేస్తరు. షావెల్ మీదికెల్లి దించుతరు."

అదీ అసలు భయం. కంపెనీ చెవులకు పెట్టుకోమని ఇచ్చిన బిరడాలు ఆయన ఏనాడూ పెట్టుకోలేదు. అవి పెట్టుకుంటే యంత్రం గొంతు తెలియదట. షావెల్‌కు ఎక్కడ నొప్పో చప్పుడును బట్టే చెప్పేవాడినని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ చప్పుడు ఇప్పుడు వినపడటం లేదని ఎవరికైనా ఎలా చెబుతాడు? పిల్లకు చెవుడని ఒప్పుకుంటే, రోజూ దాని పక్కనే కూర్చునే నీకు ఎలా తెలియలేదయ్యా అని అడుగుతారు. అందుకే పౌరుషం అన్నాడు.

ఆ వారమే తల్లి ఎదకు వచ్చింది. సారు నుంచి కబురు కూడా వచ్చింది, ఆదివారం ఆరాధన అయ్యాక జీపు తెస్తానని. అమ్మా నేనూ ఎంత చెప్పినా నాన్న తగ్గలేదు. నేను ఎవరెవరికి మాట ఇచ్చానో వాళ్ళంతా మర్చిపోతారనుకున్నావా అన్నాడు. గుడ్డి పిల్లలు పుడితే ఏం చేస్తావని నేను అరిచాను. ఆయన పేపర్ తీసుకుని వరండాలోకి పోయాడు. తల్లికుక్కను నా గదిలో పెట్టి తాళం వేద్దామనుకున్నాను గానీ, ఇంటి పెద్ద మనసు మారకపోతే తాళం ఎన్నాళ్ళు ఆగుతుంది?

శనివారం పొద్దున ఆయన తెల్లపిల్లను తీసుకుని నడకకు వెళ్ళాడు. నేను గేటు దగ్గర ముగ్గు వేస్తున్నాను. మా వీధి చివర బొగ్గు టిప్పర్లు తిరిగే రోడ్డు. ఇద్దరూ రోడ్డు మధ్య నుంచి ఊసులాడుకుంటున్నట్టు నడుస్తున్నారు. వెనక ఒక టిప్పర్ హారన్ మీద హారన్ కొడుతోంది. చెట్ల మీది కొంగలు లేచిపోయాయి. వీళ్ళిద్దరిలో ఒక్కరూ తల తిప్పలేదు. నేను ముగ్గు గిన్నె పారేసి అరుస్తూ పరుగెత్తాను. నా అరుపు మాత్రం ఎవరికి వినపడుతుంది? టిప్పర్ కీచుమని వాళ్ళ వెనకే ఆగింది. దాని నీడ మీద పడితే అప్పుడు వెనక్కి చూశాడు నాన్న.

డ్రైవర్ కిందికి దూకాడు. "ఏందే పెద్దమనిషీ! గంతసేపటి నుంచి హారన్ కొడ్తున్న, కుక్కకు లేకుంటే నీకన్న చెవులుండొద్దా?"

నాన్న అతని పెదాల వైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి పిల్లను ఎత్తుకున్నాడు. దాని చెవి దగ్గర వేళ్ళతో చిటిక వేశాడు. ఒకటి, రెండు, చాలాసార్లు. అది ఆయన గడ్డం నాకుతోంది. ఇంటికి వచ్చేదాకా ఆయన దాన్ని కింద దించలేదు. నాకు ఆయన మీద ఉన్న కోపమంతా ఆ రోడ్డుమీదే పోయింది.

మర్నాడు ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చింది. మా సంఘంలో ప్రసంగానికి ముందు, దేవుడు చేసిన మేలు చెప్పుకోవాలనుకున్నవాళ్ళు లేచి చెబుతారు. మోకాళ్ళ నొప్పి తగ్గిందని ఒకరు, కొడుకు సప్లిమెంటరీ పాసయ్యాడని ఒకరు. మా నాన్న తన జన్మలో లేచింది లేదు. ఆ రోజు మగవాళ్ళ వరసలో లేచి నిలబడ్డాడు. ఆయన గొంతు ఎంత పెద్దదో ఆయనకు తెలియదు కదా, మైకు అవసరం రాలేదు.

"అందరికి వందనాలు. మీకు తెల్ల కుక్కపిల్లలు ఇస్తనన్న. ఇయ్య. నా తెల్లపిల్లది ధైర్యం గాదు. దానికి సైరన్ వినపడది. రెండు దిక్కుల అదే రంగు చూసి నేనే పుట్టించిన. తెల్వక చేసిన. ఇగ తెలిసి చెయ్య." చొక్కా సర్దుకున్నాడు. "ఇంకో మాట. నాకూ వినపడ్తలేదు. శానా దినాలైంది. పాటలప్పుడు పక్కోళ్ళ పెదాలు చూసి పాడుతున్న. రేపు పోయి కంపెనీ దవాఖానల నేనే చెప్త. ప్రార్థన చెయ్యండ్రి."

సాక్ష్యం అయ్యాక అందరూ స్తోత్రం అనాలి. ఇది మేలో కీడో ఎవరికీ అర్థం కాలేదు. కాసేపటికి వెనక నుంచి ఒక ముసలమ్మ, ఎందుకైనా మంచిదని, "స్తోత్రం" అంది. అప్పుడు సంఘమంతా అంది. ఆ సంగతి కూడా తెలియక నాన్న ఇంకా నిలబడే ఉంటే, అమ్మ ఆడవాళ్ళ వరస నుంచి లేచి వెళ్ళి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఆమె కళ్ళు తుడుచుకుంటోంది, నవ్వుతోంది కూడా.

ఇంటికి వచ్చేసరికి గేటు ముందు జీపు. పౌడరు వాసన. నాన్న ఎదురు వెళ్ళి దండం పెట్టాడు.

"టీ తాగిపోండ్రి సార్. సంబంధం మాత్రం వద్దు."

"అదేమిటండీ! మొన్ననేగా అనుకున్నాం?"

నాన్న తెల్లపిల్లను తెచ్చి చూపించి అంతా చెప్పాడు. సారు నమ్మలేదు. మీ ఇంట్లో ఆడవాళ్ళ మాట వింటున్నారన్నాడు. టీ తాగకుండానే జీపెక్కాడు. "యాడ చూసినా మరకలు లేని పిల్లనే చూడండ్రి సార్" అని నాన్న జీపు వెనక కేకేశాడు. చాలా రోజులు ఆయన బజారులో మమ్మల్ని పలకరించలేదు. తర్వాత ఎక్కడో మట్టిరంగు షెల్టీ దొరికిందట, కళ్ళూ చెవులూ బాగున్న పిల్లలు పుట్టాయట. మిఠాయి డబ్బా పంపించాడు.

జీపు వెళ్ళాక చూస్తే డ్రిల్ ఆపరేటర్ మా గేటు దగ్గర ఉన్నాడు. తనకిస్తానన్న తెల్లపిల్ల సంగతి నిలదీయడానికి వచ్చాడనుకున్నాను. ఆయనా నాన్నా ఎప్పుడు కలిసినా వీధి దద్దరిల్లేలా మాట్లాడుకునేవాళ్ళు. అది స్నేహం వల్ల వచ్చిన ఉత్సాహమనుకునేవాళ్ళం. ఆ రోజు అమ్మ దగ్గరికి వచ్చి, చుట్టూ చూసి, వీలైనంత మెల్లగా అడిగాడు.

"వదినా, నా చెవి కూడా ఒకసారి చూస్తవా?"

ఆ మెల్లగా అన్నది పక్కింటికి కూడా వినపడింది. అమ్మ లోపలికి రమ్మని కుర్చీ వేసింది.

నాన్నను షావెల్ మీద నుంచి దించి, గని బయట ఒక తేలిక పనిలో వేశారు. మొదటి వారం ఆయన అన్నం సరిగా తినలేదు. గని వైపు నుంచి వచ్చే బస్సులో యూనిఫాం వాళ్ళను చూస్తే మొహం తిప్పుకునేవాడు. తెల్లపిల్ల మాత్రం ఆయన ఇంటికి తొందరగా వస్తున్నాడని పండగ చేసుకుంది. తల్లికుక్కకు నేను ఖమ్మం తీసుకెళ్ళి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించాను. దాని చెవులకు ప్లాస్టర్ వేయడం కూడా ఆగిపోయింది.

రెండు నెలల తర్వాత నాన్నకు చెవి మిషన్ ఇచ్చారు. ఇంటికి తెచ్చుకుని, అద్దంలో చూసుకుంటూ పెట్టుకున్నాడు. ఫ్యాను చప్పుడుకు ఉలిక్కిపడ్డాడు. తల్లికుక్క ఎవరినో చూసి మొరిగితే, "ఇది గింత మొరుగుతదా?" అని ఆశ్చర్యపోయాడు. అమ్మ వంటింట్లోంచి, "ఏమయ్యా, వినపడ్తున్నదా?" అని అడిగింది.

నాన్న వంటింటి గుమ్మం దాకా వెళ్ళి నిలబడ్డాడు.

"మళ్ళ ఒకసారి అను."

"వినపడ్తున్నదా అంటున్న."

"నీ గొంతు గిట్ల ముసలిదైందేందే?" అన్నాడు.

అమ్మ గరిటె పట్టుకుని అలాగే చూసింది. "నువ్వు వినకపోతే అది ఆగుతదా?" అంది. తర్వాత పొయ్యి తగ్గించి, అక్కడే పీట వేసుకుని కూర్చుని, ఆయనకు ఏదేదో చెప్పడం మొదలుపెట్టింది.